ఆరున్నొకటి

మిరపకాయ తూచేటప్పుడు మా వైపు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, ఆరున్నొకటి అంటారు. పంట చేతికొచ్చిన పూట ‘ఏడు’ అంటే ఏడవమని చెప్పినట్టేనని పెద్దల భయం. ప్రత్తిపాడు పక్కన బాపయ్యగారి కళ్లంలో కాటా వేసే దానయ్య ప్రభువును నమ్మినవాడే. అయినా ఆ మాట మాత్రం ఏనాడూ నోట రానివ్వలేదు.

కూతురు సంతోషకుమారికీ అదే నేర్పాడు. ఎండలో పత్తి ఏరి, కారం ఘాటుకు కళ్లు కాల్చుకుని, దానయ్య, భార్య ఎలీసమ్మ ఆ పిల్లను నర్సు చదివించారు. ఉద్యోగం సముద్రం మధ్య దీవుల్లో వచ్చింది. ఆసుపత్రి పని మీద ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోవాలంటే చిన్న విమానం. తోక మీద నీలం పిచ్చుక బొమ్మ. కంపెనీ పేరే సాగరపిచ్చుక. ఎక్కినవాళ్లకు అదే బొమ్మున్న రెగ్జిన్ సంచీ ఇచ్చేవాళ్లు.

“ఎక్కేముందు మమ్మల్నీ కాటా మీద నిలబెడతారు నాన్నా, మిరపకాయ టిక్కీ బస్తాల్లాగా!” క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చెప్పి నవ్వింది.

“తరుగు తీస్తారా ఏమే?”

“నాకెందుకు తీస్తారు? నేనేమన్నా తడిసిన కాయనా? మా పైలటుకు తెలుగు ముక్క రాదు. నేనే లెక్క నేర్పా. బొజ్జ తట్టుకుని ముందు తనని ‘లాబమ్’ అని లెక్కపెట్టుకుంటాడు. నోరు తిరగదు పాపం. చివర్న నేను. మొత్తం ఆరున్నొకటి మందిమి.”

ఆ రోజు దానయ్య కూతుర్ని కళ్లంలో కాటా ఎక్కించాడు. కాటా కమ్మీ మీద జరిపే గుండు నిలిచినచోట వేలితో సున్నపు గుర్తు పెట్టాడు. “మళ్లీ వచ్చేసరికి ఇది దాటాలి. చిక్కిపోయావే పిచ్చిదానా.”

మాఘంలో ఒక పొద్దున ఆ విమానం లేచింది. చుట్ట ఆరేలోగా దిగే దూరం. దిగలేదు.

సముద్రమంతా గాలించామన్నారు. సంచీ ఒక్కటే ఇంటికొచ్చింది. ఆ పూట బరువెక్కువైందని తన సంచీ తనే దించేసి, వెనక విమానంలో పంపమందట. అందులో ఓ తెల్లచీర, బైబిలు, అమ్మ పెట్టిన కొరివికారం సీసా.

“సంచీనే పెట్టెలో ఉంచి సమాధి చేద్దాం దానయ్యా. ఆదివారం ప్రార్థన చేస్తాను” అన్నారు చర్చి అయ్యగారు క్రీస్తుదాసు.

“మనిషి రాకుండా మట్టేంటండీ? నా బిడ్డకు ఈత వచ్చు. ఏ దీవిలోనో ఉంటది.”

“దానికో చోటన్నా ఉండనీయవయ్యా. నేను పోయి కూచుని ఏడవటానికి” అంది ఎలీసమ్మ. దానయ్య వినలేదు. సంచీ భుజాన వేసుకుని తిరిగాడు. కంట తడి లేదు. వాడిది గుండె కాదు, రోకలి బండ అన్నారు జనం. బిడ్డ పోయినవాడు ఎలా ఏడవాలో కూడా ఊరే చెప్పాలి మరి! ఏడిస్తే పోయినట్టేనని ఆ తండ్రి పళ్లు బిగబట్టుకున్న సంగతి ఎవడికి పట్టింది?

శనివారం పొద్దువాలే వేళ కళ్లంలో ఆఖరి టిక్కీలు తూస్తున్నాడు. కళ్లమంతా ఎర్రగా కాయలు. అడుగేస్తే ఎండిన తొడిమలు చిటపటమంటాయి, గింజలు గలగలమంటాయి. ఘాటుకు బాపయ్యగారు తుమ్ముతూనే ఉన్నారు.

“లాభం... రెండు... మూడు...” ఒక్కో టిక్కీ దించుతూ పాడుతున్నాడు దానయ్య. “నాలుగు... ఐదు... ఆరు...”

“ఆరున్నొకటి.”

దానయ్య నోరు ఇంకా తెరవలేదు.

“ఎవరండయ్యా అన్నది?”

“నువ్వేగా! ఒరేయ్, నీకు మతి పోతోందిరా. రాత్రికి కాస్త కూడు తిను” అంటూ బాపయ్యగారు బండి తేవటానికి వెళ్లారు.

నేలన పెడితే దుమ్ము అంటుతుందని దానయ్య భుజాన ఉన్న సంచీని ఖాళీ కాటా మీద పెట్టి చుట్ట వెలిగించబోయాడు. వెలగలేదు. అగ్గిపుల్ల మెత్తబడింది. గాలిలో ఘాటు లేదు... ఉప్పునీటి వాసన. పెట్రోలు వాసన.

వెనక కాయల మీద అడుగులు. గలగల లేదు. చితుకుతున్నాయి... తడిసినట్టు.

టక్‌మని కమ్మీ పైకి లేచింది.

కాటా మీద సంచీ తప్ప ఏమీ లేదు. వేలితో గుండు జరిపాడు. ఇంకా జరిపాడు. సున్నపు గుర్తు దాకా వచ్చింది. ఆగలేదు. దాటింది... తడిసిన కాయకు బరువెక్కువ.

“బరువుగా ఉంది నాన్నా...” గుసగుస. “దించెయ్.”

“ఎక్కడున్నావే తల్లీ?”

“కాటా మీదే. నువ్వు లెక్క ముగించటంలా... ఆరు తరవాత ఎంత నాన్నా?”

“ఆరున్నొకటే.”

“అది కాదు. అసలు మాట.”

ఆ మాట అంటే లెక్క తెగుతుంది. అనకపోతే బిడ్డ అలాగే... నీళ్లోడుతూ...

“ఏడు” అన్నాడు.

ఆ మాట తనకే తగిలింది. కాటా పట్టుకుని, నేల మీద కూలబడి, పశువు అరిచినట్టు ఏడ్చాడు. కమ్మీ మెల్లగా దిగింది. బండి తోలుకొచ్చిన బాపయ్యగారు భుజం మీది కండువా తీసి ఇచ్చారు.

ఆదివారం సమాధి చేశారు. పెట్టె దూదిలా తేలిపోయింది. మొదటి మట్టి దానయ్యే వేశాడు. ఎలీసమ్మ అతని భుజం మీద తల ఆనించి ఏడ్చింది. ఇంటికొచ్చి ఇద్దరూ ఒకే కంచంలో రెండు ముద్దలు తిన్నారు.

సోమవారం పొద్దువాలే వేళ దానయ్య ఒక్కడే ఖాళీ కాటా తుడుస్తున్నాడు. గుడ్డ తడిగా తగిలింది. నాలిక్కి ఉప్పన.

టక్‌మని కమ్మీ పైకి లేచింది. గుండు చివరిదాకా జరిపినా దిగలేదు.

వెనక ఎవరో లావుపాటి మనిషి ఆయాసపడుతున్నాడు. ఆ వెనక, చితుకుతున్న కాయల మీద ఇంకా కొన్ని అడుగులు వచ్చి వరసగా ఆగాయి.

“లాబమ్...”