చంద్రుణ్ణి గుండ్రం చేసినవాడు

“నా చంద్రుణ్ణి ఎవరు గుండ్రం చేశారు?”

కేకుల పోటీ జరిగే హాలులో తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. అట్టపెట్టె మూత చేత్తో పట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయికి నోట్లో నాలుక లేదని బేకరీలో పేరు. ఇప్పుడు ఇంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

పక్కనే బేకరీ వ్యాను నడిపే అతను గర్వంగా నవ్వాడు. అతను వేసే బ్రేకులకి వెనక ట్రేల్లో బన్నులు కూడా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటాయని, అందరూ అతన్ని బ్రేకు అనే పిలుస్తారు.

“నేనేనండీ. స్పీడ్ బ్రేకర్ దగ్గర చిన్న కుదుపు వచ్చింది. మూత తీసి చూద్దును కదా, చంద్రుడు లారీ కింద పడ్డ బంతిలా అణిగిపోయి ఉన్నాడు. టీ గ్లాసు బోర్లించి, చెంచాతో సర్ది, నిండు పున్నమి చేసేశాను. మీరు కనిపెట్టలేరనుకున్నా!”

“అది కుదుపుకి నలగలేదు. నేనే నొక్కాను. పొద్దుటినుంచీ కూర్చుని నొక్కాను.”

అతని నవ్వు సగంలో ఆగింది. “చంద్రుణ్ణా? పాపం, ఏం చేశాడండీ?”

ఇంకో రోజైతే ఆమె నవ్వేసేది. బేకరీ ఆమె మేనత్తది. ‘బహుమతి రాకపోయినా ఫర్వాలేదే. జడ్జీలు నీ కేకు దగ్గర ఆగి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, షాపు ముందు అద్దాల అర నీ కేకులకే. అడగలేదనుకో, బన్నుల మీద నువ్వులు చల్లుకుంటూ కూర్చో’ అంది అత్త. అత్త మాటంటే మాటే. ఆవిడ అప్పుడే ముందు వరసలో కుర్చీ పట్టుకుని కూర్చుంది కూడా.

కేకు మీద అంతరిక్ష కేంద్రం కిటికీ ఉంది. నల్లటి ఆకాశం, అడుగున భూమి వంపు, ఆ వంపు మీద గాలి పొర పల్చటి నీలి గీతలా. ఆ నీలం మీద చక్కెర ముద్దతో చేసిన చంద్రుడు.

ఆమె ఫోన్ తీసి అతని ముందు పెట్టింది. “భూమి చుట్టూ తిరిగేవాళ్ళు తీసిన ఫొటోలు. చూడండి.”

మొదటి దాంట్లో చంద్రుడు చక్కగా గుండ్రంగా ఉన్నాడు. భూమి అంచుకి దిగుతున్నకొద్దీ అణిగిపోతూ, చివరికి అరచేత్తో అదిమిన బన్నులా ఉన్నాడు.

“అంత పైకి వెళ్ళినా పెద్దగా కనిపించడేం?”

“వాళ్ళు వెళ్ళింది గుమ్మం దాకానే. చంద్రుడు ఇంకా ఎక్కడో ఉన్నాడు. మనకు కనిపించినంతే వాళ్ళకీ కనిపిస్తాడు. అంచు దగ్గర మాత్రం ఆ వెలుగు గాలి పొరలోంచి రావాలి. గాలి దాన్ని వంచుతుంది. కింది అంచుని ఇంకాస్త ఎక్కువ పైకెత్తుతుంది. అందుకే ఇలా.”

“పోనీ గుండ్రంగానే ఉండనివ్వండి. అందంగా ఉన్నాడు కదా, జడ్జీలకేం తెలుస్తుంది?”

“నాకు తెలుసుగా.”

“తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని...”

“నా కుందేలుకి ఫొటో ఉంది. ఆ చెంచా ఇవ్వండి.”

చక్కెర ముద్ద అప్పటికే గట్టిపడింది. నొక్కగానే చంద్రుడి బుగ్గ మీద సన్నటి పగులు వచ్చింది. ఆమె పెదవి కొరుక్కుంది గానీ చెయ్యి తియ్యలేదు. అతను మాయమై, పొగలు కక్కే టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చి, దాన్ని చంద్రుడి పక్కన పట్టుకున్నాడు. ఆవిరికి ముద్ద మెత్తబడింది. గ్లాసు కాలుతున్నా అతను వేళ్ళు మార్చుకుంటున్నాడే తప్ప కింద పెట్టడం లేదు. అది ఆమె చూసింది. చూసినట్టు కనిపించకుండా పగులు పూడ్చింది.

జడ్జీలు వచ్చేశారు.

“అయ్యో, దారిలో నలిగినట్టుందే,” అంటూ కళ్ళజోడు జడ్జి జాలిగా పక్క కేకు వైపు అడుగేశాడు.

బ్రేకు నోరు తెరిచాడు. “తప్పు నాదేనండీ, వ్యాను కుదుపుకి...”

ఆమె అతని కాలు తొక్కింది. గట్టిగానే.

“నలగలేదండీ. అక్కడినుంచి చూస్తే చంద్రుడు ఇలాగే కనిపిస్తాడు.”

జడ్జి ఆగాడు. వెనక్కి వచ్చి కేకు మీదికి వంగాడు. “ఎక్కడినుంచమ్మా?”

ముందు వరసలో అత్త తొడ చరుచుకున్న చప్పుడు హాలంతా వినిపించింది.

ఆ తర్వాత ఆమె చెబుతూనే ఉంది, వాళ్ళు వింటూనే ఉన్నారు. బహుమతి మాత్రం మూడంతస్తుల గులాబీల కేకుకి వెళ్ళింది. వెళ్తే వెళ్ళనీ.

తిరుగుదారిలో సన్నగా వాన పట్టుకుంది. అత్త వెనక ట్రేల మధ్య కేకు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బ్రేకు వింతగా మెల్లిగా నడుపుతున్నాడు.

“గంటన్నరకోసారి వాళ్ళకి చంద్రుడు ఉదయిస్తాడని జడ్జీలకి చెప్పారు కదా, నిజమేనా?”

“దాదాపు. గంటన్నరలో భూమిని చుట్టేస్తారు కాబట్టి.”

“అదృష్టవంతులు. నాకు రోజుకి రెండుసార్లే. పొద్దున ట్రేలు ఎత్తేటప్పుడు, సాయంత్రం ఖాళీ ట్రేలు దించేటప్పుడు.”

వైపర్ అటొకసారి ఇటొకసారి తిరిగేదాకా ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. కిటికీలోంచి వానకేసి చూసింది. మాట్లాడటం ఇవాళే నేర్చుకుంది, ఇవాళే మానెయ్యడం దేనికి?

“మధ్యాహ్నం కూడా రావచ్చు. టీకి. గ్లాసు మాత్రం తాగడానికే వాడాలి.”

వ్యాను కీచుమని ఆగింది. వెనక ట్రేలన్నీ ఒకదాని మీదొకటి పడ్డాయి.

“ఒరేయ్ బ్రేకూ!” అత్త గొంతు ఖంగుమంది. “పిల్ల సరేనంది కదా, ఇకనైనా నెమ్మదిగా పోనీరా! ఇంకొక్కసారి కుదిపావంటే, నా ఒళ్ళో చంద్రుడు నిజంగానే నలుగుతాడు!”