కన్నున్న కాలింగ్ బెల్

మా మరిది మన్మథరావు మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. ఆ పేరు పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు రాబోతున్నా ఒక్క ఆడపిల్లతో కుదురుగా నాలుగు ముక్కలు మాట్లాడిన పాపాన పోలేదు. అది చాలదన్నట్టు, మనుషులతో మాట్లాడాల్సి వస్తుందేమోనన్న భయంతో ఇల్లంతా మాట్లాడే వస్తువులతో నింపేశాడు. హాల్లో చప్పట్లు కొడితే లైటు వెలుగుతుంది. మా ఆయన దోమను కొట్టినా వెలుగుతుంది. వంటింట్లో ఒక డబ్బా ఉంది. ఏం చెప్పినా "అలాగేనండీ" అంటుంది. ఈ ఇంట్లో చెప్పగానే సరేననేది అదొక్కటే కాబట్టి దాన్ని మాత్రం నేనేమీ అనను.

ఇలాంటివి బజారులోకి రాకముందే వాడి చూసి, లోపాలు కంపెనీకి రాసి పంపడం అతని ఉద్యోగం. మేడమీద గదిలోనే పని, భోజనం కూడా అక్కడికే. బయటికెళ్ళాలంటే పక్క సందులోకి దిగే మెట్లున్నాయి. వీధి గుమ్మం మొహం చూసి ఎన్నాళ్ళయిందో.

ఆషాఢంలో ఆ గుమ్మానికి కెమెరా ఉన్న కాలింగ్ బెల్ బిగించే పని కూడా ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాడు. ఎవరు నొక్కినా వాళ్ళ బొమ్మ మేడమీద ఇతని ఫోన్లో కనిపిస్తుంది. అక్కణ్ణుంచే మాట్లాడి, నాకు ఫోన్ చేసి "వదినా, తలుపు తియ్యి" అంటాడు. తలుపు తీసే పద్ధతి మాత్రం పాతదే. నేనే తీస్తాను.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు నూకరత్నం గారికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. మా నర్సీపట్నం అబీద్ సెంటర్ దగ్గర క్లినిక్‌లో చెబితే, రోజు విడిచి రోజు సాయంత్రం ఇంటికొచ్చి ఎక్సర్‌సైజులు చేయించడానికి ఒక ఫిజియోథెరపిస్టుని పంపారు. పేరు సౌజన్య. ఊరు నాతవరం.

మొదటి రోజు ఆమె బెల్ నొక్కడం వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. వెళ్ళి తలుపు తియ్యొచ్చు. కానీ ఏం జరుగుతుందో చూడాలనిపించింది.

"ఎవరండీ?" అంది బెల్.

సౌజన్య అటూ ఇటూ చూసింది. "ఎవరది? ఎక్కడున్నారు?"

"పైనున్నాను. కొంచెం వెనక్కి జరగండి, ముక్కొక్కటే కనిపిస్తోంది."

"నేను భుజం చూడ్డానికొచ్చాను. ముక్కు చూపించడానికి కాదు."

"ఐడీ కార్డుందా?"

"ఉంది. మీకు కాళ్ళున్నాయా? ఉంటే దిగొచ్చి చూసుకోండి."

సౌజన్య వేలెత్తి బెల్‌కి గురిపెట్టింది.

"ఇంకోసారి గుమ్మంలో నిలబెట్టి ఇంటర్వ్యూ చేశారో, ఈ కన్ను మూసేసి పోతాను. చెప్తున్నా!"

నా ఫోన్ మోగింది. "వదినా, తలుపు తియ్యి, బేగి!"

తర్వాత శుక్రవారం వచ్చింది. గుమ్మం పైకమ్మికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టడం మా అత్తగారి చిరకాలపు అలవాటు. చెయ్యి లేవడం లేదు కదా, నేను పెడతానన్నాను.

"నా గుమ్మం నాను సూసుకుంటాన్లే. నువ్వెల్లి ఇడ్లీలు సూడు" అన్నారు.

వెళ్ళి ఇడ్లీలు చూశాను. ఆవిడ చెయ్యి ఎంతవరకు లేచిందో అంతవరకు ఎత్తి, అక్కడున్నదానికి పసుపు రాసి, పైన గుండ్రంగా బొట్టు పెట్టారు. అక్కడున్నది కాలింగ్ బెల్. బొట్టు కోసమే చేశారా అన్నట్టున్న ఆ నల్లటి గుండ్రటి చోటే కెమెరా. నేను చూశాను గానీ, కెమెరా ఎక్కడుందో నాకేం తెలుసు? పూజ చేసిన బెల్ అనుకున్నాను.

ఆ సాయంత్రం సౌజన్య బెల్ నొక్కితే మన్మథరావు ఫోన్లో చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. మొన్నటి బెదిరింపు గుర్తొచ్చింది. అన్నంత పనీ చేసింది, కన్ను మూసేసింది అనుకున్నాడు. కనపడటం ఇష్టం లేని మనిషిని చూడటం మర్యాద కాదని ఊరుకున్నాడు. ఇంత సంస్కారం ఉన్నవాడికి ఒకసారి దిగొచ్చి చూసే ఓపిక కూడా ఉంటే నాకీ కథ చెప్పే పని తప్పేది.

కానీ ఒక వింత జరిగింది. ఎదుట మొహం కనిపించకపోయేసరికి మా మరిదికి నోరొచ్చింది.

"ఎవరండీ?"

"మొన్నటి ముక్కే."

బెల్ నవ్వింది. మా బెల్ నవ్వగా వినడం నాకదే మొదలు.

"తడిసిపోయారా?"

"చేతిలో గొడుగు కనిపించట్లేదా?"

బెల్ గొంతు సవరించుకుంది. "కనిపిస్తోంది. గొడుగున్నా తడుస్తారు కదండీ, నర్సీపట్నం వానకి."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ బొట్టు కన్నుని కప్పేసిందని ఆమెకీ తెలియదు. శుక్రవారం బొట్టు పెట్టని వస్తువేముంటుంది మన ఇళ్ళల్లో! అతను చూస్తున్నాడనే అనుకుంది. అందుకే మెల్లమెల్లగా బెల్ నొక్కే ముందు జడ ముందుకు వేసుకోవడం, చెమట తుడుచుకోవడం మొదలైంది. నేనూ కూరలు తరగడానికి కిటికీ దగ్గరే పీట వేసుకున్నాను. వెలుతురు బాగుంటుందని.

వరలక్ష్మీ వ్రతం నాడు నీలం చీర కట్టుకుని వచ్చింది. బెల్ ముందు నిలబడి ఓసారి గిర్రున తిరిగింది.

"ఎలా ఉంది?"

దేని గురించి అడుగుతోందో తెలియకుండానే, "చాలా బాగుంది" అంది బెల్.

"రంగు నప్పిందా?"

"మీకు నప్పని రంగుంటుందా? గాజులు కూడా కొత్తవి కదూ?"

ఆమె బుగ్గలు చూసి, మావాడిలో ఇంత విద్య ఎక్కడ దాగుందా అని నేను ఆశ్చర్యపోయాను.

భాద్రపదం వచ్చేసరికి అత్తగారి చెయ్యి చాలావరకు స్వాధీనంలోకి వచ్చింది. ఆ పూట నేను మిక్సీ దగ్గరున్నాను. ఏం జరిగిందో తర్వాత ఇద్దరూ చెప్పారు.

"వచ్చే వారంతో అయిపోతుందండీ. ఇక రావక్కర్లేదు" అంది సౌజన్య.

"సౌజన్య గారూ..."

"ఊఁ?"

"అమ్మ భుజం కోసం కాకుండా నా కోసం వస్తారా ఈ ఇంటికి? అంటే... వచ్చి, మళ్ళీ వెళ్ళకుండా?"

సరిగ్గా అప్పుడే పక్కింటి పుష్పవతి గారు ప్రహరీ గోడ మీద తలపెట్టి జాజిమొగ్గలు కోస్తున్నారు. మొగ్గలకన్నా మాటలే ఎక్కువ ఏరుకునే మనిషి. సౌజన్య పెదవి విప్పలేదు. బెల్‌లోకి చూసి నవ్వి, గట్టిగా, ఒకటికి రెండుసార్లు తలూపింది.

మేడమీద వాడికి చీకటి కనిపించింది. నిశ్శబ్దం వినిపించింది. ఇష్టం లేదు కాబోలు అనుకుని ఫోన్ బోర్లా పెట్టేశాడు.

ఆ తర్వాత బెల్ మూగబోయింది. సౌజన్య నొక్కుతుంది, అది ఉత్తినే మోగుతుంది, నేను తలుపు తీస్తాను. ఆమె మాత్రం లోపలికి రాకుండా ఒక్క క్షణం ఆ బెల్ వైపే చూస్తుంది. మేడమీద అన్నం కంచాలు సగం సగం వెనక్కి వస్తున్నాయి. గుత్తివంకాయ కూడా! ఏదో తేడా ఉందని అప్పుడు నాకు రూఢి అయింది.

ఆఖరి రోజు వచ్చింది. అత్తగారు చెయ్యి నిటారుగా పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తి మురిసిపోయారు. సౌజన్య బ్యాగు జిప్ లాగి లేచింది. వాకిట్లో చెప్పులేసుకుంటూ, నాకు మాత్రమే వినపడేలా అంది:

"మీ మరిదిగారికి ఒక మాట చెప్పండి వదినగారూ. మనసు మారితే మారిందని చెప్పాలి. అడిగి, అవుననిపించుకుని, దాక్కోవడమేంటి?"

"ఎవరు అవునన్నారమ్మా?"

"నేనే. తలూపాను కదా, దాని ముందు!" బెల్ వైపు వేలు చూపించింది. "ఇంక నేనీ వీధికి రాను."

ఈసారి ఫోన్ చెయ్యలేదు. హాల్లోకి పరిగెత్తి, మెట్ల దగ్గర నిలబడి కేకేశాను. "మన్మథరావూ! ఆ పిల్ల తలూపిందటయ్యా!"

"ఎప్పుడు?"

"నువ్వడిగినప్పుడే!"

"నాకెలా తెలుస్తుంది వదినా? కెమెరా తనే మూసేసింది కదా!"

"నేను మూశానా?" సౌజన్య వాకిట్లోంచి అరిచింది.

మా మరిది మెట్లు దిగాడు. దిగాడనడం కూడా తక్కువే, దొర్లాడు. గళ్ళ లుంగీ, తిరగేసి తొడిగిన టీషర్టు. వీధి గుమ్మం దాటి బెల్ ముందు నిలబడ్డాడు. పొరలు పొరలుగా ఎండిన పసుపు, దాని మీద నిండుగా కుంకుమ.

"అమ్మా! ఇదేంటే?"

"శుక్రవారం బొట్టురా. ముట్టుకోకు."

"గుమ్మానికి కదా పెడతావు?"

"సెయ్యి అంతవరకే లెగిసింది మరి! అది కన్నో ముక్కో నాకేటి తెల్సు? బొట్టెడితే సూపు పోయే వస్తువు నువ్వెందుకు తెచ్చావు?"

సౌజన్య కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే... నీలం చీర కనిపించలేదా మీకు?"

"లేదండీ."

"మరి బాగుందన్నారు!"

"మీరు అడిగిన తీరు బాగుంది." నేల చూపులు చూస్తూనే చెప్పాడు. "గాజులు కొత్తవని మాత్రం నిజంగా తెలిసింది. చప్పుడు వేరేగా ఉంది."

"కన్నెందుకు మూశారని ఒక్కసారి అడగొచ్చు కదా?"

"అడిగితే తీసేస్తారేమోనని. మీ మొహం కనపడితే నేను మాట్లాడలేనండీ. ఇప్పుడు కూడా... చాలా కష్టంగా ఉంది."

ఆమె కోపం ఎక్కడో జారిపోవడం నేను కళ్ళారా చూశాను. అత్తగారు మాత్రం నడుం మీద చేతులు పెట్టుకున్నారు. రెండు చేతులూ.

"ఏటీ? ఈ పిల్లనడిగావా? నాకు సెప్పకుండానే?"

"అదీ... అమ్మా..."

"అడిగితే అడిగావు, డబ్బాలోంచి అడగడమేటిరా? నోరు లేదేటి? నా భుజం బాగుసేసిన పిల్ల, నాకు ఇష్టమే. పిల్ల ఎదురుగా నిలబడి అడుగు. బేగి! మల్లీ వానొచ్చీసేలా ఉంది."

మన్మథరావు తలెత్తాడు. చెవులు కుంకుమకన్నా ఎర్రగా ఉన్నాయి. సాయానికి నావైపు చూశాడు. నేను గోడగడియారం వైపు చూశాను.

"సౌజన్య గారూ, మా ఇంటికి... నా కోసం... వచ్చేస్తారా?"

ప్రహరీ మీద పుష్పవతి గారి తల ప్రత్యక్షమైంది. చేతిలో ఈసారి మొగ్గలు వేసుకునే గిన్నె కూడా లేదు. సౌజన్య అటు చూసింది, ఇటు చూసింది. ఎప్పటిలాగే తల కిందికీ పైకీ కదలబోయి, మధ్యలో ఆగింది. చెప్పులు విడిచి గుమ్మంలోకి వచ్చి, పక్కింటికే కాదు, వీధి చివర టీకొట్టుకీ వినపడేలా అంది:

"వస్తానండీ! ఆ రోజు మీరు మనిషిలా అడిగితే నేనే మరబొమ్మలా మెషీన్‌కి తలూపి ఊరుకున్నాను. నోటితో చెప్పాల్సింది. తప్పు నాదే!"