పక్క పళ్ళెం

భోజనాల గంట కొట్టగానే వరహాలమ్మ బల్ల మీది గాజుబిళ్ళకి వేలు ఆనించింది. బిళ్ళ నీలంగా వెలిగింది. అంతే! వేలి చెమటని బట్టి ఆ ఒంటికి ఏం తక్కువైందో గోడలోని వంట యంత్రానికి తెలిసిపోయింది. ఆమె కోసమే వేరుగా వండి, పొగలు కక్కే పళ్ళెం ముందుకు తోసింది. భీమిలి వృద్ధాశ్రమంలో ఎంతమందుంటే అన్ని వంటలు! మొదటిరోజు వరహాలమ్మ దానికి దణ్ణం కూడా పెట్టింది.

"మామ్మగారూ, ఇక వడ్డించే చెయ్యి అక్కర్లేదు," అంది దాన్ని తయారుచేసిన డాక్టర్ మృదుల.

అంత యంత్రమూ పక్క కుర్చీలోని గవర్రాజు దగ్గర ఓడిపోయింది. ఈ రిటైర్డ్ రైల్వే గార్డు పెట్టింది సగం వదిలేసేవాడు. ఎముకలు గుల్లబారాయి, ఈసారి పడితే ఇక లేవరని డాక్టరు చెప్పింది. వరహాలమ్మ గుండెల్లో రాయి పడింది. ఆరోజు నుంచీ ముద్ద కలపకముందే, ఎంగిలి కాకుండా, తన కూరలో సగం ఆయనకి వేసేసేది. ఒకరు చేత్తో వేసింది వదిలేస్తే బాగోదని ఆయన తినేవాడు. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తన పళ్ళెం పక్కన రోజూ ఓ గిన్నెడు ఖర్జూరం పాయసం ఉండేది. యంత్రమే పెట్టిందనుకునేది.

ఓ మధ్యాహ్నం ఆమె పళ్ళెంలో గట్టి నువ్వుండలు వచ్చాయి.

"ఇదేటి డాక్టరమ్మా? నాకు పళ్ళే లేవు కదా!"

మృదుల యంత్రం తెర మీది లెక్కలు చూసింది. నమ్మలేక మళ్ళీ చూసింది.

"ఇవి గవర్రాజుగారి ఎముకలకి. మీరు ఆయనకి వేస్తారని కనిపెట్టేసింది. నేను నేర్పలేదు, మామ్మగారూ!"

"ఓలమ్మో!" వరహాలమ్మ బుగ్గలు నొక్కుకుంది. దానికి కళ్ళయినా లేవాయె, ఎలా చూసిందో!

నెల తిరిగేసరికి గవర్రాజు కర్ర లేకుండా సముద్రం దాకా నడిచాడు. ఆ సంబరంలోనే అష్టాచెమ్మా ఆడుతూ కాయని గుట్టుగా ఓ గడి ముందుకి జరిపాడు. "తొండి!" అంది వరహాలమ్మ. "నన్నా అంటున్నారు?" అని ఆయన గయ్యిమన్నాడు. మాటా మాటా పెరిగింది. మర్నాటి నుంచి మాటల్లేవు, ఎవరి పళ్ళెం వాళ్ళదే. కొన్నాళ్ళకే ఆయన మళ్ళీ కర్ర పట్టాడు. ఆమెకి నెత్తురు తగ్గి, నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి.

ఓరోజు భోజనాల వేళ మృదుల పరుగున వచ్చి ఇద్దరి మధ్యా కూలబడింది.

"ఎన్నిసార్లు మార్చినా అది పాతలాగే పెడుతోంది. మీరు మళ్ళీ కలుస్తారనే దాని నమ్మకం. మామ్మగారూ, మీకు పుణ్యముంటుంది, ఆయనతో మాట్లాడండి. ఆయన ఎముకలు మీ పళ్ళెంలో ఉన్నాయి."

"మరి నా నెత్తురు మాటేటి?"

మృదుల గవర్రాజు పళ్ళెం వైపు చూసింది. అక్కడ ఖర్జూరం పాయసం ముట్టకుండా ఉంది.

వరహాలమ్మ ఆయన వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ... మీరేనా?"

"నాకు తీపి పడదు," అని తలొంచుకుని గొణిగాడు గవర్రాజు. గిన్నె మాత్రం మెల్లగా ఆమె వైపు జరిపాడు.

"ఇక్కడా తొండే!" అంటూ ఆమె కళ్ళు తుడుచుకుని నువ్వుండ ఆయన పళ్ళెంలో వేసింది.

వడ్డించే చెయ్యి అక్కర్లేదన్న డాక్టర్ మృదుల ఇప్పుడు ఆశ్రమానికి రాగానే ముందు అడిగేది ఎవరి బీపీ గురించీ కాదు. నిన్నటి ఆటలో ఎవరు గెలిచారని.