పరీక్ష లింకు

2074 నాటికి విజయనగరంలో పెళ్లికి వెళ్లినవాళ్లు భోజనం చేసి చేయి కడుక్కునేలోగా ఎవరి ఫొటోలు వాళ్ల ముంజేతి తెరమీదికి వచ్చేసేవి. అతిథులు ఎనిమిది వందల మంది ఉంటే ఎనిమిది వందల గ్యాలరీలు ఒక్క నొక్కుతో వెళ్లిపోయేవి. జనం సొంతంగా ఫొటోలు తీసుకోవడమే మానేశారు. ఈ పని చేసే యంత్రం పేరు చిత్రవితరణి. తయారుచేసింది ఝాన్సీ. అది ముఖాలను గుర్తుపట్టి ఎవరివి వారికి వేరుచేస్తుంది. కెమెరామన్ ఎక్కడ కనబడినా చెరిపేసి, ఆ చోట వెనకున్న గోడనో పూలనో అతుకుతుంది. పంపడం అయిపోగానే అసలు ఫొటోలను తుడిచేస్తుంది.

ఆ కెమెరామన్ ఆమె భర్త పైడిరాజే. చెరపమన్నదీ ఆయనే. పెళ్లివారి ఫొటోల్లో మన మొహమెందుకని నవ్వేవాడు.

ఆయన పోయి పది రోజులైంది. పెద్దకర్మనాడు దండ వేయడానికి ఒక్క ఫొటో లేదు. గుర్తింపు కార్డులు ఏనాడో కంటిపాప ముద్రలైపోయాయి. వాళ్లది రిజిస్టరాఫీసు పెళ్లి, ఆ రోజూ కెమెరా ఆయన చేతిలోనే ఉంది. ముప్పై ఏళ్లు ఊరందరి మొహాలూ ఫొటోల్లో దాచిపెట్టిన మనిషి మొహం ఎక్కడా లేదు.

ఝాన్సీ పాత క్లయింట్లందరికీ ఒకేసారి కబురు పంపింది. పాపం, మంచివాళ్లు, గంటలోపే వెతికి పంపారు. అన్నింట్లోనూ గోడలు, పూలు. ఒకావిడైతే అమాయకంగా అడిగింది: "మా పెళ్లికి ఫొటోలు తీసింది మిషను కాదేటమ్మా?"

ఝాన్సీకి దుఃఖం ఆగలేదు. అప్పుడు యంత్రం పలికింది.

"ఇంకొక క్లయింటు మిగిలారు. మీరే. మీకు పంపిన పదకొండు వందల నలభై ఆరు గ్యాలరీల్లో ఒక్కటీ తెరవలేదు."

ఆమెకు గుర్తొచ్చింది. అందరికీ పంపేముందు సరిగా తెరుచుకుంటోందో లేదో చూడమని, పైడిరాజు ఇంటికి ఒక పరీక్ష లింకు పంపేవాడు. "ఓపాలి తెరిచి చూడవే," అని ఫోనులో బతిమాలేవాడు. ఆమె చేతినిండా పని. తెరవకుండానే 'బాగుంది' మీట నొక్కేసేది.

"వాటిల్లో ఏముంది?"

"లైట్లు సరిచూసుకోవడానికి పెళ్లికొడుకు కుర్చీలో కూర్చుని ఆయన తీసుకున్న ఫొటో. ప్రతి పెళ్లిలో ఒకటి."

ఝాన్సీ మొదటిది తెరిచింది. ఎర్ర మఖమలు కుర్చీ, చుట్టూ బంతిపూలు, చక్కటి వెలుతురు. కుర్చీలో ఎవరూ లేరు. కింద ఆయన రాసిన మాట: 'నీకోసమే నవ్వేనే, చూడు.'

రెండోది తెరిచింది. మూడోది తెరిచింది. కుర్చీలు మారాయి, అంతే.

"అసలువి ఏవి?"

"మీరు బాగుందని నొక్కిన వెంటనే తుడిచేశాను."

మొదటి రోజే ఒక్కసారి తెరిచి ఉంటే ఆ ఖాళీ కుర్చీ కనబడేది. ఒక్క నిమిషంలో సరిచేసి ఉండేది. ఆ లింకు ఉన్నదే అందుకు.

అలవాటు ప్రకారం యంత్రం అడిగింది. "బాగుందా?"

"బాగోలేదు," అంది ఝాన్సీ. ఇన్నేళ్లలో ఆమె ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

"లోపం నమోదైంది. ఇకనుంచి ఆయన్ని చెరపను."