పెట్టె దగ్గర మనిషి

"ఇవాళ వాన పడితే ఏమవుతుందే? ఆ గడ్డి నిండా తీగలు పరిచారంటున్నావు. తడిసిన నేల మీద జనం నడిస్తే? అందరికీ ఒకేసారి కొడుతుందా, ఒక్కొక్కళ్ళకి కొడుతుందా?"

తల్లి ఆ మాట అనేటప్పటికి ఆకాశంలో మబ్బుతునక కూడా లేదు. కిటికీలోంచి ఎండ తిన్నగా టీ గిన్నె మీద పడుతోంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ చదువు నాలుగో తరగతి దగ్గర ఆగిపోయినట్టే, ఎంచడం కూడా ఎప్పుడూ కీడు దగ్గరే ఆగిపోయేది.

కూతురు బల్ల మీద పనిసంచి పరుచుకుని టెస్టరు, ప్లయరు, నల్లటేపు ఒక్కొక్కటే చూసి లోపల పెట్టుకుంటోంది.

"వాన పడదమ్మా. పడినా ఎవరికీ కొట్టదు. కొట్టేలా వేసేదాన్నయితే నన్నెందుకు పెట్టుకుంటారు?"

"అందరూ అలాగే అంటారు. మీ నాన్నా అలాగే అనేవారు."

కుర్చీలో పేపరు వెనక కూర్చున్న మనిషి ఆ పేపరు ఇంకో బెత్తెడు పైకెత్తాడు. పేజీ మాత్రం తిప్పలేదు.

"అమ్మా, నాన్నకి చెప్పు. సాయంత్రం ఆరున్నరకి తోటలో దీపాలు వేస్తున్నారు. రెండు పాసులు ఫ్రిజ్ మీద పెట్టాను."

"ఏమండీ, ఆరున్నరకట..."

"విన్నాను. నాకు మోకాలి నొప్పని చెప్పు."

"మోకాలి నొప్పట."

"నిన్నటిదాకా నడుం నొప్పి కదా. కిందికి ఎప్పుడు దిగిందో అడుగు."

ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. బారెడు దూరంలో కూర్చున్న తండ్రీకూతుళ్ళ మధ్య ఎనిమిది నెలలుగా మాటలు మోస్తోంది. ఉప్పు అందించమన్నా ఆవిడే, వీధి తలుపు గడియ పెట్టమన్నా ఆవిడే. ఇద్దరూ ఒకే తాను ముక్కలు. బట్టల కొట్టులో నీడపట్టున చేసుకునే ఉద్యోగం మానేసి, దీపాల కాంట్రాక్టరు దగ్గర వైరింగు పనిలో చేరతానని పిల్ల అన్నప్పుడు, "చేరితే నాతో మాట్లాడకు" అన్నాడు తండ్రి. "సరే, మాట్లాడను" అంది కూతురు. అన్నంత పనీ ఇద్దరూ చేశారు.

అంతకుముందు ఆ ఇంట్లో పిల్లకి పేరంటూ లేదు, 'పిట్ట' తప్ప. ఐదేళ్ళప్పుడు వీధిలో నిలబడి, "తీగ మీద పిట్టకి షాకెందుకు కొట్టదు నాన్నా?" అని అడిగింది. లైన్‌మన్ కడుపున పుట్టిందనిపించుకుందని ఆయన ఆ పూటంతా మురిసిపోయాడు. ఆ పిలుపు ఇంట్లో వినపడి ఎనిమిది నెలలయింది.

కూతురు గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది. "నువ్వయినా వస్తావా అమ్మా?"

"అంత జనంలో తొక్కిసలాట జరిగితే?"

పిల్ల మెట్లు దిగిపోయింది.

ఆ రోజంతా ఆవిడ చేతులు పని చేశాయి కానీ మనసు చేయలేదు. ఒకే గిన్నె రెండుసార్లు తోమింది. నాలుగింటికి భర్త ముందు టీ పెట్టి, కప్పు అందుకుంటున్న ఆయన కుడిచెయ్యి వంక చూసింది. చివరి రెండు వేళ్ళు లేవు. తొమ్మిదేళ్ళయినా ఆవిడ కళ్ళు ఆ ఖాళీని తడుముకుంటూనే ఉంటాయి.

ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని ఆ వేళ్ళు పోయిన రోజు ఊరంతా హడావిడి. ఈయన లైను ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకునే స్తంభం ఎక్కాడు. తప్పేమీ చేయలేదు. కింద ఎవడో తొందరపడి పెట్టెలో తీగముక్క చుట్టి లైను కలిపేశాడు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచాక పక్కన నిలబడ్డ పిల్లతో ఆయనన్న మొదటి మాట, "ఫ్యూజు జేబులో ఉంటే చాలదే పిట్టా. పెట్టె దగ్గర మన మనిషి ఉండాలి."

"వెళ్దామండీ," అంది ఆవిడ.

"నేను రాను."

"పిల్ల ఆర్నెల్లు ఎండలో కష్టపడింది. చూసి వద్దాం, మన సొమ్మేం పోయింది?"

"ఏం చూడాలి? దాని చెయ్యి కూడా ఇలాగయ్యేది చూడాలా?" కప్పు ఠక్కున పెట్టాడు. టీ తొణికింది. "ఎవడిదో సరదా. ఎవడో రిబ్బను కత్తిరిస్తాడు. తీగలో చెయ్యి పెట్టేది మాత్రం మన పిల్ల. దాని పెట్టె దగ్గర ఎవడుంటాడే? చెప్పు, ఎవడుంటాడు?"

ఆవిడ తొణికిన టీ తుడిచింది. ఇన్నాళ్ళూ ఇది కోపమనుకుంది. ఈ ఇంట్లో భయం తన ఒక్కదానికే ఉందనుకుంది. తన భయానికి నోరుంది, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వాగుతూనే ఉంటుంది. ఈయనది నోరులేని భయం, పేపరు వెనక కూర్చుని ఉంటుంది.

"అయితే నేను వెళ్తున్నా," అంది.

"నువ్వా? లిఫ్టెక్కాలంటే పక్కింటావిడ చెయ్యి పట్టుకునేదానివి."

"అవును. భయంతోనే వెళ్తా. భయపడేవాళ్ళు వెళ్ళకూడదని పాసు మీద రాసుందా?"

రబ్బరు చెప్పులు తొడుక్కుంది. సంచిలో గొడుగు, టార్చి, కట్టుగుడ్డ, కాలిన పుండ్ల మందు పెట్టుకుంది. ఒక పాసు తీసుకుని రెండోది ఫ్రిజ్ మీదే వదిలేసింది. తలుపు కాస్త గట్టిగానే వేసింది.

తోటలో ఏటవాలుగా దిగే పచ్చిక నిండా సన్నటి కడ్డీలు నాటారు. ఒక్కో కడ్డీ చివర గుప్పెడంత గాజుబుడ్డి. పొద్దు వాలగానే పైనుంచి కిందిదాకా వరసవరసగా వెలిగాయి. నీలం రంగు మెల్లగా లేతపచ్చలోకి జారి, మళ్ళీ నీలమవుతూ, గట్టు మీంచి ఏరు దిగి వస్తున్నట్టుంది. జనం "అబ్బా" అనుకున్నారు. ఎవరి పిల్లో చెప్పులు తడుస్తాయేమోనని విప్పేసింది. ఆవిడకి మాత్రం మొదట దీపాలు కనబడలేదు, కింద తీగలే కనబడ్డాయి. కాసేపటికి తీగలు మరుగున పడ్డాయి. ఇదంతా తను కన్నపిల్ల చేసిందా అనుకుంది.

సరిగ్గా అప్పుడే ఏరు నడుమ తెగిపోయింది. మూడు వరసలు చీకటయ్యాయి.

పక్కదారిలోంచి కూతురు పరుగున వచ్చింది. చెట్టు వెనక ఇనుప పెట్టె తెరిచి, స్విచ్చు ఆపి, ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంది. అటూ ఇటూ చూసింది. పెట్టె దగ్గర ఉండాల్సిన పనివాణ్ణి కాంట్రాక్టరు గేటు దగ్గరికి పంపేశాడు. అప్పుడు తల్లి కనబడింది.

"అమ్మా! వచ్చావా?"

"వచ్చాలే. ఎంతసేపు పడుతుంది?"

"పదినిమిషాలు. నడిమధ్యలో జాయింటు పోయింది, అక్కడికి వెళ్ళాలి. కానీ ఇక్కడ ఎవరూ..."

"నేనుంటా."

పిల్ల ఒక్కక్షణం తల్లి మొహంలోకి చూసింది. అందులో భయం చూసి ఉంటుంది, అయినా తలూపింది. "నేనొచ్చి చెప్పేదాకా ఎవర్నీ తాకనివ్వకు," అని చీకటి వరసల్లోకి వంగి వెళ్ళిపోయింది. దాని టార్చి వెలుగు దూరంగా నేలకి దిగి ఆగింది. ఇప్పుడు తీగలో చెయ్యి పెట్టింది అనుకుంది తల్లి. పెట్టె తలుపు మూసి దానికి వీపానించి నిలబడింది.

రెండు నిమిషాలు కాలేదు, కోటు తొడుక్కున్న కాంట్రాక్టరు చెమటలు కక్కుతూ వచ్చాడు. చేతిలో ఇంకో ఫ్యూజు ఉంది.

"తప్పుకోండమ్మా, తప్పుకోండి. ఇది జనం నిలబడే చోటు కాదు."

"నేను జనం కాదు."

"మరెవరు?"

"అక్కడ తీగలో చెయ్యి పెట్టినదాని తల్లిని."

"అమ్మా, ముఖ్య అతిథి గేటు దాటేశారు. నేను వేసేది పక్క వరసకి, మీ అమ్మాయికేం కాదు."

"ఏం కాదని దాన్నే వచ్చి చెప్పమనండి. అప్పటిదాకా నేను కదలను."

"మీకు కరెంటు గురించి ఏం తెలుసని?"

"ఏమీ తెలీదు. నాలుగో తరగతి చదివా. కరెంటు కొడితే ఎలా ఉంటుందో మాత్రం తొమ్మిదేళ్ళ కింద మా ఆయనకి కట్లు కట్టి తెలుసుకున్నా." గొంతు పైకి లేచింది. నలుగురు తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది. "మీ పరువు పదినిమిషాలు చీకట్లో ఉంటే చచ్చిపోదు. నా పిల్ల చచ్చిపోతుంది."

"రేపటినుంచి ఆ అమ్మాయికి పనుండదు, గుర్తుపెట్టుకోండి!"

"ముందు రేపటికి పిల్ల ఉండాలి. పని సంగతి అది చూసుకుంటుంది. నన్ను లాగి అవతల పారేసి వేసుకోండి మీ ఫ్యూజు."

ఆవిడ వీపు ఆ ఇనుపరేకుకి అతుక్కుపోయింది. కాంట్రాక్టరు ఒక అడుగు ముందుకేశాడు.

ఆవిడ భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చి పెట్టె తలుపు మీద ఆనింది. మూడు వేళ్ళ చెయ్యి.

"నాకూ ఇలా పెద్దమనిషి వచ్చే రోజే జరిగింది," అన్నాడు ఆయన. అరవలేదు. ఆయాసపడుతున్నాడు. మోకాలి నొప్పి మనిషి ఎంత వేగంగా నడిచొచ్చాడో మరి. ఎడంచేతిలో రెండో పాసు నలిగిపోయి ఉంది. "వెయ్యండి చూద్దాం."

కాంట్రాక్టరు ఆ చేతిని చూశాడు, దూరంగా నేల మీది టార్చి వెలుగునీ చూశాడు. ఫ్యూజు మెల్లగా కోటు జేబులో పెట్టుకున్నాడు.

"అతిథిగారిని ముందు ఆ పూలవైపు తీసుకెళ్తాను," అని గొణిగి వెళ్ళిపోయాడు.

కూతురు వచ్చేసరికి మోకాళ్ళదాకా మట్టి. తండ్రిని చూసి ఆగిపోయింది. జేబులోంచి ఫ్యూజు తీసి బిగించి, స్విచ్చు వేసింది. చీకటిపడ్డ మూడు వరసలూ వెలిగి, తెగిన ఏరు కలిసింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరికి కొడుతున్నారో వాళ్ళకే తెలీదు.

ముగ్గురూ పెట్టె పక్కనే నిలబడి చూశారు.

"అమ్మా," అంది కూతురు, "నాన్నని అడుగు, ఎలా ఉందో."

"నేనడగను."

"అమ్మా..."

"అడగనంటే అడగను. ఎనిమిది నెలలు మోశా, ఇక నావల్ల కాదు. నీకు నోరుంది, ఆయనకి చెవులున్నాయి. నువ్వే అడుగు."

పిల్ల మట్టిచేతులు ప్యాంటుకి తుడుచుకుంది. తల ఎత్తింది.

"నాన్నా, ఎలా ఉంది?"

ఆయన దీపాల వంక చూశాడు. నీలం కిందిదాకా జారి పచ్చనయింది. పచ్చ మళ్ళీ నీలమయింది. తల్లి మళ్ళీ కీడే ఎంచింది. ఈయన ఇలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోతే? రేపు పొద్దున్న మళ్ళీ ఆ పేపరు వెనక కూర్చుంటే? ఆయన కళ్ళు మాత్రం వరసలమ్మట ఒక్కో దీపాన్నీ తడుముతూ కదులుతున్నాయి. వాటిలో తడి మెరిసింది. తుడుచుకోలేదు.

"మూడో వరస చివర ఒక దీపం ఆడుతోందే పిట్టా," అన్నాడు. "బిగించి రా. పెట్టె దగ్గర నేనుంటా."