పక్కకు ఒరిగిన స్కోన్లు

కొళాయి తిరగలేదు.

ఇన్‌స్పెక్టర్ రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. మోచెయ్యి నొప్పెట్టింది గానీ చుక్క రాల్లేదు. అక్కగారింట్లో ఏ కొళాయైనా అంతే. జామ్ సీసా మూతా అంతే. సెలవు రోజున చేతులు కడుక్కోవడానికి కూడా నోచుకోని బతుకేమిటని అతనికి ఒళ్లు మండింది.

"కొళాయి సంగతి తర్వాత. ముందు కేసు చూడరా," అంది అక్క. ఆమె ఒళ్లు అంతకుముందే మండుతోంది.

డైనింగ్ టేబుల్ మీద ట్రే. ట్రేలో ఎనిమిది స్కోన్లు, బన్నుకీ బిస్కెట్టుకీ మధ్యరకం గుండ్రటి ఇంగ్లీషు తినుబండారాలు.

"ఏం పోయాయి?"

"స్కోన్లు."

"ఎదురుగానే ఉన్నాయి కదే."

"ఇవి నావి కావు."

పోయిన వస్తువు పోయినచోటే ఉన్న దొంగతనం అతని సర్వీసులో ఇదే మొదలు.

సంగతి ఇది. నాలుగింటికి వీధి చివరి కఫే యజమానురాలు రుచి చూడ్డానికి వస్తుంది. నచ్చితే రేపట్నుంచి కఫే ఓవెన్ అక్క చేతికి. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆమె తనంతట తాను వెతుక్కున్న ఉద్యోగం అది. పొద్దున మైదా, వెన్న, పాలు కలిపి సగం పిండి కాల్చింది. సగం ఫ్రిజ్‌లో దాచింది. క్రీమ్ కొనుక్కుని వచ్చేసరికి ఫ్రిజ్‌లో పిండి లేదు. నిటారుగా పొంగిన స్కోన్ల స్థానంలో ఇవి. బస్సులో నిద్రపోయేవాళ్లలా అన్నీ ఒక పక్కకే ఒరిగాయి.

అనుమానితులు ముగ్గురు. బావ, బావ తల్లి, చక్కెర కోసం వచ్చిన పై ఫ్లోర్ ఆంటీ. ముగ్గుర్నీ టేబుల్ చుట్టూ కూర్చోబెట్టాడు.

"ఆంటీ, ఎన్నింటికొచ్చారు?"

"పదకొండున్నరకి. తలుపు తీసే ఉంది. చక్కెర పోసుకుని వెళ్లిపోయా."

"ఓవెన్ ముట్టుకున్నారా?"

"మీ ఓవెన్ నాకెందుకయ్యా? మాకూ ఉంది."

"అందులో ఏం చేస్తారు?"

"గిన్నెలు పెట్టుకుంటాం."

ఇన్‌స్పెక్టర్ పెద్దావిడ వైపు తిరిగాడు. "మీరేమైనా చూశారా అమ్మా?"

"చూశాను."

అందరూ ముందుకు వంగారు.

"సీరియల్," అందావిడ.

"నేనూ అమ్మ పక్కనే ఉన్నా," అన్నాడు బావ.

"ఉన్నాడేమో. నేను తల తిప్పితేగా."

"అసలు ఎందుకీ రాద్ధాంతం?" బావ విసుక్కున్నాడు. "కాస్త వంగితే రుచి పోతుందా?"

ఇన్‌స్పెక్టర్ స్కోన్లు కోసే గుండ్రటి కట్టర్, బ్రెడ్ ముక్కలు తెప్పించాడు. "అక్కా, నువ్వెలా కోస్తావు?"

ఆమె నిలువుగా దించి, నిలువుగా తీసింది. "తిప్పకూడదు. తిప్పితే అంచు నలిగి మూసుకుపోతుంది. ఆ పక్క పొంగక ఒరిగిపోతుంది."

ఆంటీ నొక్కి తీసింది. పెద్దావిడ టీవీ వైపు చూస్తూనే నొక్కి తీసింది.

బావ నొక్కాడు. తర్వాత, పాపం, చెయ్యి దానంతటదే కుడివైపుకు తిరిగింది. కర్రుమంది. టేబుల్ మీద గీత పడింది.

"ఈ ఇంట్లో కొళాయిలు ఇంత బిగించి కట్టేసేదెవరు బావా?"

బావ కట్టర్ కింద పెట్టి ఒప్పుకున్నాడు. పొద్దున కింద అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నిక. సెక్రటరీ పదవికి నిలబడ్డాడు. అక్క స్కోన్లు సభ్యులకు పంచాడు. తెలియకుండా ఉండాలని, మిగిలిన పిండి తనే కోసి కాల్చి ట్రేలో సర్దాడు.

"అవి మీరే చేశారని చెప్పారటగా?" అంది ఆంటీ. "అందుకేగా మావారు మీకు ఓటేశారు."

అక్క కట్టర్ చేతిలోకి తీసుకుంది. ఇన్‌స్పెక్టర్ కుర్చీ ఒకడుగు వెనక్కి జరుపుకున్నాడు.

"ఇన్నాళ్లూ నేను చేసిందల్లా 'మేం చేశాం' అని చెప్పుకున్నారు," అందామె. "ఊరుకున్నాను. ఇవాళ ఆ 'మేం' కూడా పోయి 'నేను' అయిందా?"

తలుపు చూపించింది. కొత్త సెక్రటరీ గడప దాటాడు. వెనక గొళ్లెం పడింది.

ఆమె మళ్లీ పిండి కలిపింది. తమ్ముడితో వెన్న నలిపించింది. స్కోన్లకు నీళ్లు అక్కర్లేదు కాబట్టి గండం గడిచింది. కఫే యజమానురాలు రెండు తిని, మూడోది చేతిలో పట్టుకుని, రేపు పొద్దున్నే వచ్చెయ్యమంది.

కేసు ముగిసింది. కొళాయి మాత్రం తిరగలేదు. ప్లంబర్ వచ్చి, తిప్పి, చెమట తుడుచుకుని, "ఇది బిగించినాయన్నే పిలవండి," అని వెళ్లిపోయాడు. బిగించినాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పిలిస్తే నిన్నూ అక్కడే కూర్చోబెడతానని అక్క అంటోంది.

అయ్యా, అమ్మా, చదివేవాళ్లూ, మీ ఇళ్లల్లోనూ ఇలాంటి చేతులుంటాయి. గొళ్లెం తియ్యకుండా కొళాయి తీసే ఉపాయమేదైనా తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి. అక్కగారు పొద్దున్నే స్నానం చేసి ఉద్యోగానికి వెళ్లాలి. ఇన్‌స్పెక్టర్ చేతుల మీద పిండి ఎండిపోతోంది.