అక్క మడిలో తుంగ

వాన వెలిసిన తెల్లవారి నెరేయిదా పొయ్యి మీద కాఫీ మరగబెడుతుంటే, పెరట్లో ఓవిదియో యంత్రం తాడు లాగుతున్న చప్పుడు వినిపించింది. లాగినప్పుడల్లా అది గుర్రుమని, దగ్గి, ఊరుకునేది. కలుపు తీసే, నేల దున్నే ఆ యంత్రం ఇంటికొచ్చి ఇంకా ఏడాది కాలేదు. వచ్చిన నాటి నుంచి దానికి వసారాలో చోటు, పైన ప్లాస్టిక్ పట్టా, ఆదివారం ఆదివారం స్నానం. వీధిలో వాళ్ళు దాన్ని 'ఓవిదియో ఇంటి కొత్తల్లుడు' అనేవారు. ఆ మాటకి అందరికంటే గట్టిగా నవ్వింది నెరేయిదానే.

ఇప్పుడు మాత్రం నవ్వు రావడం లేదు.

"కాఫీ చల్లారిపోతోంది. వచ్చి తాగు" అని కేకేసింది.

"దీన్ని అంటుకోనీ, వస్తా."

"అంటుకుని ఏం చేస్తుంది? మొన్న మడిలోకి దింపితే ఇరుసు దాకా దిగబడింది. దాన్ని లాగడానికి పొరుగింటి తీలో గాడిదని తెచ్చుకోవాల్సొచ్చింది. ఊరంతా చూసింది."

"రెండెండలు కాస్తే నేల ఆరుతుంది."

"నేల ఆరేలోపు క్యారెట్ చస్తుంది, ఓవిదియో."

అతను లోపలికొచ్చి, అరటికాయ ముద్దా వేయించిన జున్ను ముక్కా పెట్టిన కంచాన్ని ముందుకి లాక్కున్నాడు గానీ తినకుండా వేలితో కెలుకుతూ కూర్చున్నాడు. ఆ యేడు కాన్‌స్తాన్సా లోయ అంతటా వాన వదలకుండా పట్టింది. వీళ్ళ క్యారెట్ మొక్క వేలెడు ఎత్తు లేవలేదు, దాని నెత్తిన ముళ్ళ తోటకూరా గడ్డీ మోకాలి దాకా లేచాయి. మందు కొడితే వాన కడిగేసింది. పోయినేడు దాకా కొంత క్యాబేజీ, కొంత బీట్‌రూట్, కొంత క్యారెట్ వేసేవాళ్ళు. యంత్రం వచ్చాక దాని చక్రాలకి సరిపోయేలా సాళ్ళు వెడల్పు చేసి, ఉన్న మడులన్నిటా క్యారెట్టే జల్లారు. ఇది పోతే ఆ ఏడాదికి ఇంకేమీ లేదు.

"మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో పీకితే తప్ప అవ్వదు" అంది నెరేయిదా. "కొన్వితే పెడదాం. నేను వెళ్ళి పిలుస్తా."

ఓవిదియో కంచం లోంచి తలెత్తకుండానే, "వస్తారంటావా?" అన్నాడు.

"ఎందుకు రారు?"

అతను కంచం పక్కకి నెట్టి లేచి వెళ్ళిపోయాడు. దాన్ని నెరేయిదా అప్పుడు పట్టించుకోలేదు.

కొన్వితే అంటే ఆ కొండల్లో బదులు పని. ఈ రోజు నా మడిలో మీరు, రేపు మీ మడిలో నేను. కూలి లేదు. ఎవరి పార వాళ్ళు తెచ్చుకోవాలి, మడి గలవాళ్ళు వండి పెట్టాలి. ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవాళ్ళు పార దెబ్బతో అందుకుంటారు. పిలిస్తే రాకపోవడమనేది ఆ ఊళ్ళో చావుకో పురుటికో తప్ప లేదు.

తీలో తన వాకిట్లో కూర్చుని ఆకురాయితో పార నూరుకుంటున్నాడు. నెరేయిదా విషయం చెప్పింది. అతను చివరిదాకా విని, పార అంచుని బొటనవేలితో తడిమి చూశాడు.

"రాలేనమ్మా. నిద్రొస్తోంది."

"పొద్దున్నే నిద్రేంటి తీలో?"

"మీ ఆయన పడుకోమన్నాడుగా. అప్పట్నించీ పడుకునే ఉన్నాం."

నెరేయిదాకి అర్థం కాలేదు. వేళాకోళమనుకుని నవ్వబోయింది, కానీ అతని ముఖంలో నవ్వు లేదు. లోపల్నించి తీలో పెళ్ళాం గొంతు వినిపించింది. "ముందు వాళ్ళక్క ఇంటికెళ్ళి రమ్మను. తర్వాత మనల్ని పిలవచ్చు."

తర్వాతి ఇంట్లోనూ అంతే, ఆ పై ఇంట్లోనూ అంతే. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి చుట్టాలు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, ఒక్కరూ లోపలికి రమ్మనలేదు. నెరేయిదా తల కొట్టేసినట్టయి, వాగు దాటి అక్క కసీల్దా మడి వైపు నడిచింది.

కసీల్దా మొగుడు నికనోర్ పోయి ఏడాది అవుతోంది. ఏ ఇంట్లో మగదిక్కు పోతే ఆ యేడు మొదటి కొన్వితే ఆ ఇంటి మడిలోనే జరగాలి, ఎవరి తోట ఎంత పాడైపోతున్నా సరే. వెల్లుల్లి నాటే ముందు కసీల్దా నేల శుభ్రం చెయ్యడానికి ఒక రోజు పెట్టుకున్నారు. ఆ రోజు నెరేయిదా వెళ్ళలేకపోయింది. రాజధాని నుంచి లారీ వచ్చింది, పోయిన పంట క్యాబేజీ ఎక్కించాలి. "నువ్వు యంత్రం తీసుకెళ్ళు, మనిద్దరి తరఫునా అదే చేస్తుంది" అని మొగుణ్ణి పంపింది. అతను మధ్యాహ్నానికి ముందే తిరిగొచ్చి, అప్పుడే అయిపోయింది, మీ అక్క ఇక నడుం వంచక్కర్లేదన్నాడు. అక్కకి పెద్ద ఉపకారమే చేశానని నెరేయిదా ఆ రాత్రి తృప్తిగా పడుకుంది. తర్వాత చర్చిలో కసీల్దా ముఖం తిప్పుకుంటే, దుఃఖం ఇంకా తీరలేదు పాపం అనుకుంది. అలా అనుకోవడం సులువు. అందుకే అలా అనుకుంది.

కసీల్దా మడి మధ్యలో వంగి, నాలుగు ముళ్ళ పారతో మట్టి పెళ్ళగిస్తోంది.

"అక్కా."

కసీల్దా తలెత్తలేదు. "లోపలికి రాకు. గట్టు మీదే ఉండు."

"ఏం చేస్తున్నావ్?"

"కళ్ళున్నాయిగా. చూడు."

నెరేయిదా చూసింది. వెల్లుల్లి సాళ్ళు ఎక్కడున్నాయో తెలియడం లేదు. మడి ఈ కొస నుంచి ఆ కొస దాకా తుంగ. సన్నగా, నిగనిగలాడుతూ, వెల్లుల్లి మొలకల్ని పక్కకి తోసేసి నిలబడింది. ఆ తుంగ ఒకప్పుడు కాలవ పక్క మూలలో మాత్రమే ఉండేది. నికనోర్ దాని చుట్టూ రాళ్ళు పేర్చి ఆ మూలకి ఎవర్నీ పార వెయ్యనిచ్చేవాడు కాదు. తనే ఒక్కో గడ్డా తవ్వి తీసి పొయ్యిలో వేసేవాడు. ఆ గడ్డలు నేల లోపల దారానికి గుచ్చినట్టు ఉంటాయి. దారం తెగితే ఎన్ని ముక్కలో అన్ని మొలకలు.

"యంత్రం ఆ మూలకి కూడా వెళ్ళిందా?" అంది నెరేయిదా నెమ్మదిగా.

"రాళ్ళు తీసి పక్కన పెట్టి మరీ వెళ్ళింది. వద్దు మరిదీ అని నేను చేతులూపాను. ఆ చప్పుడులో వినపడలేదో, వినపడనట్టు నటించాడో. ముక్కలు ముక్కలు చేసి మడంతా జల్లి పెట్టాడు. విత్తనం కూడా అంత సమంగా జల్లలేం."

"నాకెందుకు చెప్పలేదక్కా? మంచి జరుగుతుందనే పంపాను."

కసీల్దా అప్పుడు నడుం నిలబెట్టింది. ముఖం ఎండి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. కోపంగా అరిచినా నెరేయిదా తట్టుకునేది. అరవలేదు.

"తుంగదేముంది, తవ్వుకుంటా. ఆ రోజు నేను మేకని కోయించాను, తెలుసా? నికనోర్ పెంచింది. దుంపలేసి పెద్ద గంగాళం నిండా పులుసు పెట్టాను. జనం వచ్చారు, ఒక్కరు తప్పకుండా వచ్చారు. ఇంకా కాఫీ తాగుతున్నారు, నీ మొగుడు యంత్రం దింపి ఏమన్నాడో నీకు చెప్పాడా?"

"లేదు."

"'ఇక మీరంతా ఇళ్ళకెళ్ళి పడుకోండి, దీని ముందు మీరెంత' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వాళ్ళు నవ్వలేదు. పారలు భుజానికెత్తుకున్నారు. కనీసం తినెళ్ళండయ్యా అని గేటు దాకా వెంటపడ్డాను. పని చెయ్యని చోట ఎలా తింటామమ్మా అన్నాడు తీలో. నీ మొగుడూ తినలేదు. ఇంకెక్కడికో యంత్రం తోలాలట."

నెరేయిదా గేటు వైపు చూసింది.

"ఆయన పోయాక నా వాకిట్లో మనుషుల చప్పుడు లేదే. ఆ ఒక్కరోజు ఉంటుందనుకున్నా. పాడతారు, ఒకర్నొకరు ఎగతాళి చేసుకుంటారు, తినేటప్పుడు ఎవరో ఒకరు నికనోర్ ఇలా అనేవాడు, అలా అనేవాడు అని ఆయన పేరు ఎత్తుతారు. దానికోసం కాసుక్కూర్చున్నా. కలుపు కోసమనుకున్నావా? కలుపు నేను తీసుకోలేనా?" కసీల్దా పారని మట్టిలోకి గుచ్చి వదిలేసింది. "అంతమందికి వండింది నేనూ కుక్కా తిన్నాం. నా తోడబుట్టినదానివి నువ్వు. ఆ రోజు నువ్వు కూడా రాలేదు."

ఆమె మళ్ళీ వంగి పార పట్టుకుంది. క్యారెట్ మాట, కొన్వితే మాట నెరేయిదా నోట్లోనే ఉండిపోయాయి.

ఇంటికొచ్చేసరికి ఓవిదియో గట్టు మీద నిలబడి నేల గట్టిపడిందేమోనని మడమతో తొక్కి చూస్తున్నాడు.

"ఎంతమంది వస్తున్నారు?"

"ఎవ్వరూ రారు. ఇళ్ళకెళ్ళి పడుకోమన్నావుగా, పడుకున్నారు."

అతను తొక్కడం ఆపాడు. "సరదాకన్నా. అంతమాత్రానికే ఇంత చేస్తారా?"

"మా అక్క గంగాళం నిండా వండితే ఒక్కరూ ముట్టలేదని ఇంటికొచ్చి నాకు చెప్పావా?"

"చెప్తే నువ్వు గొడవ చేస్తావనీ..."

"చేసేదాన్నే. ఆ రోజే చేసి ఉండాల్సింది." నెరేయిదా గోడకి ఆనించిన ముళ్ళ పార తీసుకుంది. "నేను అక్క మడికి వెళ్తున్నా."

"ఇవాళా? పిచ్చి పట్టిందా నీకు? వాన తెరిపిచ్చింది. ఇద్దరం కూర్చుంటే సగం క్యారెట్ అయినా దక్కుతుంది."

అతను చెప్పింది అబద్ధం కాదు. సగం దక్కేదే. నెరేయిదా మడుల వైపు ఒకసారి చూసింది. ముళ్ళ తోటకూర కింద ఎక్కడో క్యారెట్ ఆకు ఇంకా పచ్చగానే ఉంది.

"ఆ మాట అన్నది నువ్వు. వెళ్ళకుండా ఇంట్లో కూర్చున్నది నేను. నీ సంగతి నువ్వు చూసుకో, నేను బాకీ పడ్డ పని నేను తీర్చుకోవాలి. క్యారెట్ సంగతి నువ్వూ నీ అల్లుడూ చూసుకోండి."

ఆ మధ్యాహ్నం ఆమె అక్కని అడక్కుండానే మడిలోకి దిగింది. కసీల్దా రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి ఒక బకెట్ తెచ్చి ఆమె పక్కన పెట్టి తన సాలులోకి వెళ్ళిపోయింది. తుంగ పీకితే వచ్చేది కాదు. పార లోతుగా దించి, మట్టిగడ్డ ఎత్తి, చేత్తో చిదిపి, నల్లటి గడ్డలు ఒక్కోటీ వెతకాలి. సాయంత్రానికి శుభ్రమైన నేల చాపంత కూడా లేదు.

మర్నాడూ వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. అక్కచెల్లెళ్ళిద్దరూ పక్క పక్క సాళ్ళలో రోజంతా మాట లేకుండా తవ్వేవారు. వాగు అవతల ఓవిదియో ఒక్కడే మోకాళ్ళ మీద పాకుతూ క్యారెట్ మడిలో కలుపు పీకాడు. యంత్రం ముట్టుకోలేదు. రాత్రి అతని అరచేతులు ముళ్ళు గుచ్చుకుని వాచి ఉండేవి. నెరేయిదా మాట్లాడకుండానే నూనె వెచ్చచేసి రాసేది. అతనూ మాట్లాడకుండానే చేతులు చాచేవాడు. పీకిన చోట మళ్ళీ మొలుస్తోందని ఒకసారి మాత్రం అన్నాడు.

నేల ఆరింది. ఒకరోజు ఎండ నడినెత్తికి వచ్చే వేళ, వాగు అవతల్నించి యంత్రం చప్పుడు మొదలైంది. సాళ్ళ మధ్య కలుపు తీసేటప్పుడు అది ఆగుతూ, వంకర తిరుగుతూ వెళ్తుంది. ఇప్పుడలా కాదు, ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే బరువుతో, ఆగకుండా వెళ్తోంది. నెరేయిదా పార ఆపింది.

కసీల్దా కూడా ఆపి విన్నది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమే మాట్లాడింది.

"దున్నేస్తున్నాడా?"

"ఊఁ."

"క్యారెట్ అంతా?"

"ఇంకేం మిగిలిందక్కా దున్నక. కలుపు కింద వెతకడానికి కూడా లేకుండా పోయింది."

"నువ్వక్కడ ఉంటే సగమైనా దక్కేది. ఎందుకొచ్చావిక్కడికి?"

"రావాల్సిన రోజున రాలేదు కాబట్టి" అంది నెరేయిదా. మళ్ళీ మట్టి చిదపడం మొదలుపెట్టింది. యంత్రం చప్పుడు చాలాసేపు వినిపించి ఆగిపోయింది.

పొద్దు కొండ మీదికి ఒరిగాక కసీల్దా తన బకెట్ పక్కన పెట్టి, చెల్లెలి సాలు దగ్గరికి వచ్చింది. శుభ్రం చేసిన నేలని చూసింది. పోయిన వారం తవ్విన చోట అప్పుడే రెండు మూడు తుంగ మొలకలు సూదుల్లా లేచి ఉన్నాయి. వంగి ఒకటి పీకి, కొసన గడ్డ ఊడిరాకపోవడం చూసి పెదవి విరిచింది.

"ఇది ఈ యేడు పోయేది కాదు. పై యేడూ పోదు. నికనోర్‌కి ఒక్క మూల సరిపోయింది జన్మంతా. ఇంత మడికి ఇక మనిద్దరి జన్మలూ సరిపోవు."

"నా వల్లే కదా" అంది నెరేయిదా.

"నీ వల్లే." కసీల్దా ఆ మాట మెత్తబరచలేదు. చేతికంటిన మట్టిని దులుపుకుని, చెల్లెలి ముఖంలోకి చూడకుండా కొండ వైపు చూస్తూ అంది. "రేపు కాస్త పెందలాడే రా. ఎండెక్కితే నువ్వు తట్టుకోలేవు, చిన్నప్పట్నించీ అంతేగా."

ఉన్న క్యారెట్ అంతా మట్టిలో కలిసిపోయినా రాని ఏడుపు నెరేయిదాకి అప్పుడొచ్చింది. మట్టి చేతులతో ముఖం కప్పుకుని సాలు మధ్యలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కసీల్దా ఓదార్చలేదు. పక్కన కూర్చుని, చీకటి పడేదాకా చెల్లెలు విడిచిన సాలులో గడ్డలు ఏరుతూ ఉండిపోయింది.